పువ్వు మీద గోరంత రాయి

"అన్నంలో రాయి," అన్నాడు మా ఆయన.

గట్టిగా కూడా అనలేదు. నోట్లోంచి తీసి కంచం అంచున పెట్టి, నాకు కనబడేటట్టు కంచాన్ని కొంచెం తిప్పాడు. ఆవగింజలో సగం ఉంటుంది. ఎర్రగా ఉంది. చూడగానే పోల్చుకున్నాను. రేషన్ బియ్యంలో వచ్చే రాయి తెల్లగా గాజుపెంకులా మెరుస్తుంది. ఇది నా కొంగు మడతలోంచో గోటి సందులోంచో అన్నంలోకి రాలింది. ఆ సోమవారం పదకొండు నుంచి మూడు దాకా కిటికీ దగ్గర కూర్చుని ఒక రాయి మీద నుంచి సూదితో గీకి తీసిన పొడిలో అదొక రవ్వ. ఆయన కాలేజీ రాయి. ఆయన పేరు మీద, ఆయన కోసం చేస్తున్న పని. ఆ మాట నాలుక చివర దాకా వచ్చి, మజ్జిగ గరిటెతో పాటు మళ్ళీ గిన్నెలోకి దిగిపోయింది.

"కండ్లు యాడ పెట్టుకోని ఏరతావుమే బియ్యం?"

గడప దగ్గర వక్క దంచుకుంటున్న మా అత్త రంగనాయకమ్మ నవ్వింది. "దానికి బియ్యంలో రాళ్ళు యాడ కనపడతాయి నాయినా? రాళ్ళల్లో ఆకులైతే కనపడతాయి."

ఆయన నవ్వాడు. వాళ్ళ నైనా నవ్వాడని మా కూతురు కనకవల్లి నవ్వింది. దానికి తొమ్మిదేళ్ళు. అందరూ నవ్వుతున్నారని నేనూ నవ్వాను. నవ్వుతూనే దాని కంచంలో అన్నాన్ని వేళ్ళతో చిదిమి వెతికాను. ఇంకో రవ్వ ఉండి, అది దాని గొంతులో పడి, దగ్గు మొదలై, దగ్గు ఆయాసమై, మొన్న జూన్ లోలాగా పెదాలు నీలమై... అక్కడి దాకా పోయి వచ్చేసరికి కనక విసుక్కుంది. "అమా, అన్నమంతా పిసికి పెట్టినావు."

నా భయాలు మా ఇంట్లో ఒక వినోదం. బడి వదిలిన పావుగంటకి కనక రాకపోతే నా మనసు అప్పటికే రైలు గేటు దాకా పోయి, పట్టాల మీద దాని రిబ్బను చూసి తిరిగొచ్చి ఉంటుంది. కిరసనాయిలు స్టవ్ అంటించేటప్పుడు పక్క గదిలో ఉన్న పిల్లని వీధిలోకి పంపిస్తాను. తాళం వేసిన తలుపుని మూడుసార్లు లాగి చూస్తాను. పెళ్ళయిన కొత్తలో ఆయన చుట్టాలందరికీ ఇవి నటించి చూపించేవాడు, నా గొంతుతో, నా చేతులు ఊపుతూ. "దీని భయం చూస్తే పామే భయపడి పోతాది," అనేవాడు. వాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళు. నేను వాళ్ళకి కాఫీ కలుపుతూ ఉండేదాన్ని.

మా పుట్టినూరు తిరుత్తణి. అక్కడ తెలుగు బళ్ళో నేను ఎనిమిది చదువుతుండగా మా తాలూకాని చిత్తూరు జిల్లాలోంచి తీసి మద్రాసు రాష్ట్రంలో కలిపారు. "ఇంక అరవ చదువు దీనికెందుకు," అని మా నాన్న ఆ ఏడే మానిపించాడు. తర్వాత పెళ్ళి, తిరువళ్ళూరు, ఈ ఇల్లు. మా ఆయన సుదర్శనం మద్రాసులో ఒక కాలేజీలో, జియాలజీ శాఖలో అటెండరు. పొద్దున ఏడుంబావు బండికి పోయి సాయంత్రం ఏడుకి వస్తాడు. ఆ శాఖలో బీరువాల నిండా రాళ్ళట. భూమి కింద లెక్కలేనన్ని ఏళ్ళు పడి ఉండి రాయిగా మారిపోయిన ఆకులు, గవ్వలు. వాళ్ళు ఫాసిల్స్ అంటారు. ఇంట్లో మేము ఆకుల రాళ్ళు అంటాం.

ఐదేళ్ళ క్రితం ఒక శనివారం వాటిలో నాలుగింటిని రెక్సిన్ సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాడు. వాళ్ళ నటరాజన్ సార్ ఇచ్చాడట, మీద పట్టిన రాయి తీసి ఆకు కనబడేలా చేయమని. ఆదివారం వసారాలో సుత్తి, చిన్న ఉలి పెట్టుకుని కూర్చున్నాడు. టపటపమని నాలుగు దెబ్బలు. రెండు రాళ్ళు ఆకుతో సహా రెండుగా పోయాయి. "ఇది మనిషి చేసే పని కాదు," అని లేచి పోయి పడుకున్నాడు. నేను చీపురు తెచ్చి ఊడవబోతూ మూడో రాయిని పక్కకి పెట్టాను. దాని ఒక మూల దువ్వెన పళ్ళలాగా సన్నగా, వరసగా గీతలు. ఈత కమ్మని వేలెడంత చేసి రాయిలో అద్దినట్టుంది. సగం కనబడుతోంది, సగం లోపల ఉంది. మిగతా సగం విరగకుండా ఉందో లేదో అని నాకు గుండె దడ పట్టుకుంది. ఎప్పుడో చచ్చిన ఆకు గురించి! జాకెట్లు కుట్టే సూది తెచ్చి, ఒక్కో రవ్వ లేపడం మొదలుపెట్టాను. ఆయన లేచేసరికి ఇంకో మూడు పళ్ళు బయటపడ్డాయి.

"అబ్బా," అన్నాడు. నిజంగానే అన్నాడు. వంగి, కళ్ళు చిట్లించి చూసి, నా భుజం తట్టాడు. ఆ తట్టు నాకు చాలా రోజులు గుర్తుంది. సోమవారం ఆ రాయిని పట్టుకుపోయి, సాయంత్రం ఇంకో ఆరు తెచ్చాడు.

అలా ఐదేళ్ళు. పాత దిండుగలీబులో ఇసుక పోసి కుట్టుకున్నాను, రాయిని దాని మీద ఆనించి పెడితే కదలదు. పెన్సిలు ముక్కలకి సూదులు గుచ్చి దారంతో బిగించుకున్నాను, సన్నవి, లావువి, ముక్కు వంచినవి. కనక పళ్ళు తోముకుని పారేసిన బ్రష్షు దుమ్ము దులపడానికి. వెనక వసారా కిటికీలోంచి పదకొండు నుంచి మూడు దాకా ఏటవాలుగా వెలుతురు పడుతుంది, అందులో ఈనె నీడ కూడా కనబడుతుంది. అందుకని ఇంటి పనంతా ఆ నాలుగు గంటలకి ఇటూ అటూ సర్దుకున్నాను. బట్టలు ముందు, పప్పు రుబ్బడం తర్వాత. వడియాలు ఎండబెట్టి కాకుల్ని తోలుతూ గీకేదాన్ని. మా అత్త వీధిలో అందరికీ చెప్పేది: "మా కోడలు మద్యానమంతా కిటికీ కాడ కూచోని గోళ్ళు గీక్కుంటా ఉంటాది."

మా ఆయన తెచ్చే రాళ్ళు రెండు రకాలు. తెల్లరాయి మెత్తన, సున్నం పెచ్చులా వచ్చేస్తుంది, నీళ్ళు మాత్రం తగలకూడదు. ఎర్రరాయి వేరు. ఇనుము తాగిన రాయి అది. లోపలి ఆకు కన్నా దాన్ని పట్టుకున్న రాయే గట్టి. బలం పెడితే ముందు పోయేది ఆకే. అందుకని బలం పెట్టకూడదు. సూది మొన ఆనించి, ఒక్క రవ్వ కదిలించి, ఊది, చూసి, మళ్ళీ ఆనించాలి. ఆకు దగ్గరపడే కొద్దీ సూది చప్పుడు మారుతుంది, కరకర పోయి బొంగురుగా వస్తుంది. అది వినబడగానే నా చెయ్యి దానంతటదే ఆగుతుంది. ఇప్పుడు పోతుంది, ఇదిగో ఇప్పుడే పోతుంది అని ప్రతి రవ్వ దగ్గరా నాకు అనిపిస్తుంది. ఆయన ఒకసారి నొక్కేచోట నేను పదిసార్లు ఆగుతాను. ఐదేళ్ళలో నా చేతిలో ఒక్క ఆకు విరగలేదు. కాలేజీలో నటరాజన్ సార్ ఆయనతో అన్నాడట, "తంగక్కై, సుదర్శనం, ఉనక్కు తంగక్కై," అని. బంగారు చెయ్యి నీది అని. ఆ మాట ఇంటికొచ్చి చెబుతూ ఆయన తన కుడిచెయ్యిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఆ చెయ్యి నేను గంజి పెట్టి ఇస్త్రీ చేసిన చొక్కాలోంచే బయటికి వచ్చి ఉంది.

ఒకసారి సార్ ఇంగ్లీషులో ఏదో వ్యాసం రాస్తే, అందులో కింద చిన్న అక్షరాలతో ఆయన పేరు వేశారు. ఆ పుస్తకం తెచ్చి వీధి చివర రేషన్ కొట్టు దాకా అందరికీ చూపించాడు. కనక కూడబలుక్కుని చదివింది, "ఎస్, యు, డి..." తర్వాత పేజీ తిప్పి చూసింది. "అమ్మ పేరు యాడుండాది నైనా?"

"అమ్మ పేరు ఎందుకు కన్నా?" అన్నాడు, మురిపెంగా దాని బుగ్గ పట్టుకుని. "అమ్మ ఇంట్లో సుమ్మానే, ఊరికే గదా ఉండేది."

సోమవారం ఆయన అన్నంలో రాలిన రవ్వ మాత్రం ఆకు రాయిది కాదు. పువ్వుది.

ఫిబ్రవరిలో సార్ కాలేజీ పిల్లల్ని తీసుకుని పూండి దాటాక ఉన్న అల్లిక్కుళి కొండల్లోకి వచ్చాడు, రాళ్ళు వెతకడానికి. "వంటకి మా ఇంటామె వొస్తాది సార్," అని మా ఆయన నన్నడక్కుండానే మాటిచ్చేశాడు. పద్నాలుగు మందికి చింతపండు పులుసు, అప్పడాలు. వాళ్ళు ఎండిన వాగులో తలలు వంచుకుని నడుస్తూ, పలకరాళ్ళని సుత్తితో పొరలు పొరలుగా విప్పి చూస్తున్నారు. మధ్యాహ్నం దాకా తెగిన ఆకుల ముక్కలు తప్ప ఏమీ దొరకలేదు. నేను పొయ్యికి మూడు రాళ్ళు కావాలని గట్టు కింద వెతుక్కుంటున్నాను. ఏ రాయీ నేను తిప్పి చూడకుండా ఎత్తను. కింద తేలుంటుందని నా భయం. కట్టెతో మొదటిది తిప్పాను, లేదు. రెండోది తిప్పాను, లేదు. మూడోది బరువు, ఎర్రది. తిప్పాను. తేలు లేదు. తేలు ఉండాల్సిన చోట, అంచున, సన్నని రేకులు నాలుగు, విచ్చుకోబోయే మొగ్గ చివరల్లాగా, ఒకదాని మీద ఒకటి పడుకుని ఉన్నాయి. మిగిలిందంతా రాయి లోపల.

ఆయన్ని పిలిచాను. చూసి, "గీతలుమే, సుమ్మా గీతలు," అన్నాడు. మళ్ళీ చూశాడు. ఆ తర్వాత రాయిని ఎత్తుకుని వాగులోకి పరిగెత్తాడు. "సార్! నాకు దొరికినాది సార్!"

ఆ దువ్వెన ఆకుల చెట్టు పువ్వు అది అని సార్ చెప్పాడు. ఇంత నిండుగా తను ఎప్పుడూ చూడలేదన్నాడు. ఆ పిల్లలంతా నా మూడో రాయి చుట్టూ మూగారు. నేను ఇంకో రాయి వెతుక్కుని పొయ్యి పెట్టుకునేసరికి భోజనం అరగంట ఆలస్యమైంది. "ఒక పూట కూడా టైముకి వండలేవు," అన్నాడు ఆయన, అందరి ముందరా. తేలు కోసం తిప్పాను కాబట్టి గానీ, నాలాంటిది కాకుండా ఇంకెవరైనా అయితే ఆ పువ్వు మీద పులుసు కాగి ఉండేది. ఇది నాకు అప్పుడు తట్టలేదు. అప్పడాలు మాడకుండా చూసుకుంటున్నాను.

ఎనిమిది నెలలు పట్టింది. ఒక రేకు బయటపడటానికి ఒక్కోసారి వారం. చుట్టూ పదమూడు రేకులు వచ్చాయి. ఇంక మధ్యలో, తామరపువ్వుకి ఉన్నట్టు దుద్దు ఉన్నచోట రూపాయి బిళ్ళంత మిగిలింది. ఆ సంగతి కాలేజీలో తెలిసింది. ఫాసిల్స్ తీసే మనిషిని పర్మనెంటుగా వేసుకోవాలని అక్కడ కొత్త ఉద్యోగం ఒకటి పెట్టారు, ప్రిపరేటర్ అని పేరు. కమిటీ వాళ్ళు శుక్రవారం వస్తున్నారు. సార్ మా ఆయనతో అన్నాడట: మొత్తం ముగించొద్దు, చివరి కొంచెం వాళ్ళ ముందర తీసి చూపించు, ఇంక ఎవరూ నీకు అడ్డు రారు.

అందుకే ఆదివారం ఆయన నా ఇసుక దిండు ముందర కూర్చున్నాడు. ఐదేళ్ళ తర్వాత. పువ్వు జోలికి పోలేదు, ఒక పాత ఆకు రాయి తీసుకున్నాడు. నా సన్న సూది పట్టుకున్నాడు. వేళ్ళు పెద్దవి, సూది వాటిల్లో పోయినట్టుంది. పావుగంట బాగానే గీకాడు. నేను వంటింట్లోంచి చప్పుడు వింటున్నాను. కరకర, కరకర. చప్పుడు బొంగురుగా మారింది. ఆపండి అని అనబోయాను. టక్ మంది. ఆయన చాలాసేపు లేవలేదు. వెళ్ళి చూస్తే రెండు ముక్కల్నీ పక్కపక్కన పెట్టి, అతుక్కుంటాయేమో అన్నట్టు అదుముతున్నాడు. చెమట పట్టింది. జాలేసింది నాకు. మంచినీళ్ళు తెచ్చిచ్చాను. తాగి, గ్లాసు కింద పెట్టి అన్నాడు: "నీ సూదులు మంచివి కాదుమే."

సోమవారం అన్నంలో రాయి తీసి పెట్టాక, చెయ్యి కడుక్కుంటూ చెప్పాడు. "గురువారానికి మొత్తం ముగించు. గింజ కూడా మిగలగూడదు. ఆత్రం పట్టలేక ఇంట్లోనే ముగించేసినా సార్ అంటా. ఇంక చూపించేదానికి ఏముంటాది?"

"వేరే రాయిచ్చి చూపించమంటే?"

"చెయ్యి బెణికింది అంటా. కట్టు కట్టుకోనే పోతా."

అన్నీ ఆలోచించుకున్నాడు. నేను ఆయన ఆలోచించని వాటిని ఆలోచిస్తూ అంట్లు తోముకున్నాను. కట్టు విప్పి చూపించమంటే? అబద్ధమని తెలిసి ఉన్న ఉద్యోగం కూడా పోతే? అప్పుడు కనక బడి? మా అన్న ఇంటికి పోవాలా? మా వదిన వాకిట్లో ఎన్నాళ్ళు కూర్చోనిస్తుంది? పళ్ళెం నా చేతిలో అప్పటికే తళతళలాడుతోంది, నేను ఇంకా తోముతూనే ఉన్నాను.

మంగళవారం కనకకి ఆయాసం వచ్చింది. బడికి పంపలేదు. దాని ఛాతీలో గురగుర నాకు వంటింట్లో ఉన్నా వినబడుతుంది. రాయి చప్పుడూ దాని ఊపిరి చప్పుడూ రెంటినీ చెవులతోనే కాపలా కాయడం నాకు అలవాటు. అత్త వేడినీళ్ళ గుడ్డ దాని వీపుకి పెడుతూ, నాకు వినబడేలా అంది: "రాళ్ళ దుమ్ము మింగి మింగి బిడ్డకి ఈ రోగం. తల్లికేం పట్టింది?"

"వాళ్ళ నైనా ఉద్యోగం అత్తా," అన్నాను.

"వాడి ఉద్యోగం వాడు కాలేజీలో చేసుకుంటాడు. నువ్వెందుకు ఇంట్లో దుమ్ము లేపతావు?"

ఆమెకి తెలియక కాదు. ఈ ఇంట్లో తెలియనివాళ్ళెవరూ లేరు. తెలిసిన విషయాన్ని అందరూ కలిసి తెలియకుండా ఉంచుకున్నారంతే, నాతో సహా. కనక మంచం దూరంగా జరిపి, ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని, పొడి లేవకుండా మెల్లగా గీకాను. బుధవారానికి దుద్దు అంచులు కనబడ్డాయి. చిన్న చిన్న గింజల్లాగా, చుట్టూ ముసురుకుని. రూపాయంత ఉన్నది బొటనవేలి గోరంత అయింది.

ఆ సాయంత్రం ఆయన ముందుగానే వచ్చాడు. పువ్వుని చూసి చాలా సంతోషించాడు. కనకకి బిస్కెట్లు తెచ్చాడు, నాకు మల్లెపూలు. కాఫీ తాగుతూ మాటల్లోకి దిగాడు. "ఈ పోస్టు వొస్తే ఊరుకుంటారా? బీరువాల నిండా ఉండాయి. దినానికి రెండు రాళ్ళైనా తేవాల్సి వొస్తాది. నీ ఒక్క చెయ్యి చాలదుమే."

"మరి?"

"దీనికీ నేర్పించు," అన్నాడు, ఒళ్ళో కూర్చున్న కనక వేళ్ళు పట్టుకుని. "చూడు, నీకన్నా సన్నంగా ఉండాయి. ఆయాసం బిడ్డని దినామూ అంత దూరం బడికి తరమడమెందుకు? ఐదు దాకా చదివితే చాలు. నీ పక్కన కూచోబెట్టుకో, నీకు తోడు."

ఆయన ఆ మాట కోపంగా అనలేదు. ప్రేమగా అన్నాడు. నాకు సాయం దొరికినందుకు సంతోషపడుతూ అన్నాడు. కనక తన వేళ్ళు చూసుకుని మురిసిపోయింది. "నాకు వొచ్చు నైనా! నేను అమ్మని చూసినా."

మల్లెపూలు నా చేతిలోనే ఉన్నాయి. తలలో పెట్టుకోవాలని కూడా తోచలేదు.

గురువారం పదకొండుకి కిటికీ దగ్గర కూర్చున్నాను. సూది చేతిలో ఉంది. ఆ గోరంత రాయి మీద ఆనించలేదు. జీవితంలో నాకు బాగా వచ్చిన పని ఒకటే, జరగబోయే చెడ్డవాటిని ముందుగా చూడటం. అదే చేశాను. ముగించి ఇచ్చేస్తే ఏమవుతుంది? ఆయనకి ఉద్యోగం వస్తుంది. రోజూ రెండు రాళ్ళు వస్తాయి. ఈ కిటికీ, ఈ ఇసుక దిండు, ఈ వెలుతురు. నాకు కళ్ళు మసకేసే దాకా. ముగించకుండా ఇస్తే? వాళ్ళ ముందర ఆయన సూది పట్టుకుంటాడు, టక్ మంటుంది. పువ్వు పోతుంది, పరువు పోతుంది. ఇంకేదైనా చేస్తే? ఆయన నాతో మాట్లాడడు. అత్త వీధంతా చెబుతుంది. సార్ నవ్వుతాడు, ఎనిమిదో క్లాసు ఆడమనిషి అని. కాలేజీ మెట్ల మీదనుంచే వెనక్కి పంపిస్తారు. ఆయన్ని దొంగ అని తీసేస్తారు. ఒక్కొక్కదాన్నీ పూర్తిగా, చివరి దాకా చూశాను. అన్నింటిలోకీ చెడ్డది ఏదా అని వెతికాను. బియ్యం ఏరినట్టు ఏరాను. అవేవీ కావు. ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని, ఇదే కిటికీ దగ్గర, నా పక్కన నా కూతురు కూర్చుని ఉంది. బడి లేదు. ఛాతీలో గురగుర. వాళ్ళ నైనా వచ్చి దాని భుజం తడుతున్నాడు. అది ఆ తట్టుకే పొంగిపోతోంది.

సూదులన్నీ తుడిచి గుడ్డలో చుట్టాను. మూడు దాకా అక్కడే కూర్చుని వెలుతురు పోవడం చూశాను. సాయంత్రం ఆయన అడిగితే, "పొద్దున ఇస్తా, పూసిన బంక ఆరాల," అన్నాను. రేకులు ఊడకుండా పూయమని సార్ ఇచ్చిన బంక సీసా మూత కూడా తీయలేదు నేను. పెళ్ళయ్యాక ఆయనకి చెప్పిన మొదటి అబద్ధం అదేననుకుంటాను.

శుక్రవారం పొద్దున ఆరున్నరకి ఆయన తయారయ్యాడు. కుడి మణికట్టుకి తెల్లగుడ్డ కట్టు, నేను కట్టిందే, నిన్న రాత్రి ఆయన చెయ్యి చాపితే. "రాయి తే," అన్నాడు. దూదిలో పెట్టి, కనక పాత గౌనులో చుట్టిన మూట తెచ్చి ముందర పెట్టాను. విప్పాడు. పదమూడు రేకులు. ఆయన మొహం వెలిగింది. రాళ్ళంటే ఆయనకి ఇష్టం లేకపోలేదు. తర్వాత వేలు మధ్యకి వెళ్ళి ఆగింది.

"ఇదేంది? నడిమధ్యన ఇంకా ఉండాది."

"ఉండాది."

"మరిచిపోయినావా?"

"లేదు."

"బండికి ఇంకా టైముండాది. తీసెయ్ బిరబిరా."

"బిరబిరా వొచ్చేది కాదు. తెలిసిన చేతికి రెండు గంటలు పడతాది. తెలియని చేతికి నిమిషం చాలు, పువ్వే లేచొస్తాది."

కట్టు కట్టిన చెయ్యిని ఆయన గబుక్కున వెనక్కి తీసుకున్నాడు. "నా మానం తీస్తావుమే?" అన్నాడు మెల్లగా. కోపం కన్నా ఎక్కువగా అందులో భయం ఉంది. ఆయన గొంతులో అది ఎప్పుడూ వినలేదు. నాకు బాగా పరిచయమైన వస్తువే గనక వెంటనే పోల్చుకున్నాను.

"బిడ్డని బడి మానిపించను," అన్నాను. "దానికి సూది ఇవ్వను."

అప్పుడు చూశాడు నన్ను. ఉతికిన నేత చీర. కాళ్ళకి చెప్పులు. చేతిలో సూదుల గుడ్డ. మొన్నటి మల్లెపూలు వాడిపోయి దేవుడి గూట్లో ఉన్నాయి.

అత్త పెరట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. "యాడికిమే ఇంత పొద్దున్నే తయారైనావు? మద్యానం కూడు ఎవురు పెట్టేది?"

"వండి పెట్టినా అత్తా. రెండుసార్లు ఏరినా. రాయి ఉండదు."

కనక బడి సంచి సర్దుకుంటూ మా ముగ్గుర్నీ మార్చి మార్చి చూస్తోంది. దాని ఊపిరి విన్నాను. ఈవేళ తేలిగ్గానే ఉంది. అయినా వంగి ఛాతీ మీద చెవి పెట్టి మళ్ళీ విన్నాను. "బడి వదిలినాక నేరుగా ఇంటికి రా. గేటు వేసుంటే దూరంగా నిలబడు. పరిగెత్తొద్దు," అన్నాను. రైలు తప్పిపోతుందేమో, మెట్ల మీద కాలు జారి పువ్వుని పడేస్తానేమో, వాళ్ళందరి ముందర నా చెయ్యి వణుకుతుందేమో. భయాలు అన్నీ వచ్చాయి, ఒక్కటీ తగ్గలేదు. రానిచ్చాను. సూది పట్టేది వాటితోనే కదా.

మూటని మళ్ళీ చుట్టి, రెండు చేతులా ఎత్తుకుని గడప దాటాను. మా ఆయన అక్కడే నిలబడి ఉన్నాడు, మణికట్టు కట్టుని రెండో చేత్తో పట్టుకుని.

"మీకు పాసుండాది గదా," అన్నాను. "నాకొక టికెట్టు తీయండి చాలు."